14 నెలలు ఈస్ట్ బీటా గ్లూకాన్ వాడాక నా అనుభవం

నేను హనుమకొండలో ప్రైమరీ స్కూల్ టీచర్‌ని. జులైలో వానలు మొదలయ్యాయంటే క్లాసులో సగం మంది పిల్లలకు ముక్కులు కారుతుంటాయి. రెండో వారానికల్లా నాకూ సర్ది పట్టుకుంటుంది. గొంతు పోతే పాఠం చెప్పలేను. ఆ టెన్షన్‌తోనే కిందటేడు జూన్‌లో బీటా గ్లూకాన్ మొదలుపెట్టాను. ఈస్ట్, ఓట్స్ లాంటి వాటిలో ఉండే ఒక రకం పీచు ఇది, రోగనిరోధక శక్తికి మంచిదని అమ్ముతారు. రోజూ 250 మిల్లీగ్రాముల క్యాప్సూల్ ఒకటి.

మొదటి డబ్బా తప్పుగా కొన్నాను. ముందు పెద్ద అక్షరాలతో బీటా గ్లూకాన్ అని ఉంది. ఇంటికొచ్చాక వెనకవైపు చదివితే ఓట్స్ నుంచి తీసిందట. ఓట్స్ జావ చల్లారితే జిగురుగా సాగుతుంది కదా, ఆ జిగురు చాలావరకు ఇదే. కొలెస్ట్రాల్ తగ్గించడానికి అది మంచిది. కొవ్వు తక్కువ తిండితో పాటు రోజుకు 3 గ్రాములు తీసుకుంటే గుండెజబ్బు ముప్పు తగ్గవచ్చని ప్యాకెట్ మీద రాసుకోవడానికి అమెరికాలో 1997లోనే అనుమతించారు. సర్ది విషయంలో ఎక్కువగా పరీక్షించింది మాత్రం బ్రెడ్ పొంగడానికి వేసే ఈస్ట్ కణాల గోడ నుంచి తీసిన రకాన్ని. పేరు ఒకటే అయినా అల్లిక వేరు, అంటే అందులోని చక్కెర అణువులు ఒకదానికొకటి అతుక్కున్న తీరు. దాన్ని అంకెల్లో రాస్తారు. ఓట్స్‌ది 1,3/1,4, ఈస్ట్‌ది 1,3/1,6. లేబుల్ మీద 1,3/1,6 అనే అంకెలు గానీ, ఈస్ట్ అనే మాట గానీ లేకపోతే ఆ డబ్బా పక్కన పెట్టేయండి.

రెండోసారి ఆన్‌లైన్‌లో తెప్పించిన దాంట్లో విటమిన్ సి, జింక్, బీటా గ్లూకాన్ అన్నీ కలిపి "మిశ్రమం 500 మి.గ్రా." అని రాశారు. దేని వంతు ఎంతో లేదు. కస్టమర్ కేర్‌కు రెండుసార్లు ఫోన్ చేసినా చెప్పలేదు, వాపసు పంపేశాను. డబ్బులు పెట్టి కొనేవాళ్లకు ఆ లెక్క చెప్పకపోవడం అన్యాయం. మూడో డబ్బా నుంచి ఇప్పటిదాకా ఒకే రకం వాడుతున్నాను.

ఒక క్యాప్సూల్ విప్పి నీళ్లలో వేసి చూశాను. పొడి కరగలేదు, కాసేపటికి అడుగుకు చేరింది. ఈ రకం అంతే, కల్తీ అనుకోకండి. మన తెల్లరక్తకణాల మీద డెక్టిన్-1 అనే గ్రాహకం ఉంటుంది. బూజు, ఈస్ట్ లాంటి వాటి గోడను గుర్తుపట్టడం దాని పని. ఈ పొడి తగిలితే లోపలికి శిలీంధ్రం వచ్చిందన్నట్టు ఆ కణాలు అప్రమత్తమవుతాయి. నమ్మకం అంతా దీని మీదే.

ఇక ఫలితం. సర్ది ఉన్న రోజులకు గోడ మీది క్యాలెండర్‌లో సున్నాలు చుడుతూ వచ్చాను. వాడకముందు ఏడాది జులై నుంచి ఫిబ్రవరి వరకు 5 సార్లు వచ్చింది, వచ్చినప్పుడల్లా వారం రోజులు. వాడిన ఏడాది 4 సార్లు వచ్చింది, మూడుసార్లు నాలుగైదు రోజుల్లో పోయింది. జనవరిలో వచ్చింది మాత్రం దగ్గుతో కలిపి 8 రోజులు పీడించింది. సెలవులు 9 నుంచి 4కు తగ్గాయి. అయితే అదే ఏడాది మా క్లాసును పెద్ద కిటికీలున్న గదికి మార్చారు, గాలి బాగా ఆడుతుంది. మంచి అంతా క్యాప్సూల్‌దే అంటే అబద్ధమవుతుంది. నవంబర్‌లో స్టాక్ లేక నెల రోజులు మానేశాను, అప్పుడూ తేడా తెలియలేదు. మారథాన్ పరుగెత్తినవాళ్ల మీద చేసిన కొన్ని అధ్యయనాల్లో ఈస్ట్ రకం వాడినవాళ్లకు సర్ది లక్షణాలు తగ్గాయి. ఐరోపాలో 2011లో దీన్ని ఆహారంలో వాడుకోనిచ్చారు, అప్పట్లో సప్లిమెంట్లలో రోజుకు 375 మిల్లీగ్రాముల పరిమితితో. రోగనిరోధక శక్తి పెంచుతుందని రాసుకోవడానికి మాత్రం అక్కడ ఒప్పుకోలేదు.

మొదటి వారం కాస్త కడుపు ఉబ్బరం, తర్వాత ఏమీ లేదు.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. మా పెద్దబాపుకు కిడ్నీ మార్పిడి అయింది. సంక్రాంతికి వచ్చినప్పుడు డబ్బా చూసి, "బిడ్డా, ఆ గోలీలు నాకూ తెప్పియ్యి, ఊకె సర్ది అయితాంది" అన్నాడు. "ముందు డాక్టర్‌ను అడుగుదాం పెద్దబాపు" అన్నాను. అడిగితే ఆయన వద్దే వద్దన్నారు. కొత్త కిడ్నీని శరీరం తోసెయ్యకుండా రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడుతుంటే, దాన్ని రెచ్చగొట్టేది ఎలా ఇస్తారు? "సహజమైనదే కదా" అని నేనే తెప్పించి ఇచ్చి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ భయం వేస్తుంది. అలాంటి మందులు వాడేవాళ్లు, ఈస్ట్ పడనివాళ్లు డాక్టర్‌ను అడగకుండా ముట్టుకోవద్దు.

నెలకు నాకు సుమారు 900 రూపాయలు అవుతోంది. ఎండాకాలంలో సర్ది ఎలాగూ తక్కువే కాబట్టి వచ్చే మార్చి నుంచి మే దాకా ఆపేసి, క్యాలెండర్‌లో సున్నాలు మాత్రం చుడుతూనే ఉంటాను.