పాలకొల్లులో అద్దెకు దొరికే నాటక సామాను: ‘డచెస్ ఆఫ్ మాల్ఫీ’కి పనికొస్తుందా?

ఇంగ్లీషు నాటకకర్త జాన్ వెబ్‌స్టర్ రాసిన ఈ నాటకం 1623లో అచ్చయింది. డచెస్‌ని వితంతు జమీందారిణిగా, ఆమె రహస్యంగా పెళ్లాడిన ఆంటోనియోని దివాణం పెద్ద గుమాస్తాగా మార్చి మన పరిషత్తుల్లో ఆడదలిస్తే అసలు చిక్కంతా నాలుగో అంకంలోనే. చీకట్లో, ఆ పెళ్లి గిట్టని కవల సోదరుడు ఆమెకు ఒక శవం చెయ్యి అందిస్తాడు. ఆ వెంటనే తెర వెనక భర్త, బిడ్డల మైనపు శవాలు. చివర ఆమె మెడకు తాడు. కిరీటాలూ గదలతో నిండిన పౌరాణికాల దుకాణంలో ఈ మూడింటికీ సామాను దొరకడం విశేషమే.

చెయ్యి బాగుంది. లబ్బరు తొడుగులో తడి ఇసుక కూరి మణికట్టు దగ్గర కుట్టారు. అరగంట ఐసులో పెట్టి అందిస్తే నటి నిజంగానే ఉలిక్కిపడుతుంది. తాడు ఇంకా బాగుంది: మెడ వెనక వెల్క్రోతో కలుస్తుంది, గట్టిగా లాగితే విడిపోతుంది. ముడి వేసిన తాడు మాత్రం ఎవరిచ్చినా తీసుకోవద్దు.

బొమ్మలు కాగితపు గుజ్జువి, పైన పల్చగా మైనం పూత. మన ఎండలకు అదే సరైన పద్ధతి, ఉత్త మైనమైతే ముక్కు జారిపోతుంది.

తేలిపోయింది నెట్ తెర, అంటే వెనక లైటు వేసినప్పుడే బొమ్మల్ని చూపించాల్సిన పల్చటి తెర. అది నల్లరంగు వేసిన దోమతెర గుడ్డ. ఒక్క పొరైతే వెనకున్నవి ముందే కనిపించేస్తాయని రెండు పొరలు కుట్టారు. అవి కదిలినప్పుడల్లా నీళ్లమీద అలల్లాంటి గీతలు పడతాయి. అడుగు అంచులో ఇనప గొట్టం దూర్చి బిగలాగండి. ముందు లైట్లు పైనుంచి నిటారుగా పడాలి, బొమ్మలు తెరకు నాలుగడుగులు వెనక ఉండాలి.

లండన్‌లో శామ్ వానమేకర్ ప్లేహౌస్ 2014లో ఈ నాటకంతోనే, కొవ్వొత్తుల వెలుగులో మొదలైంది. గోదావరి గాలికి ఇక్కడ కొవ్వొత్తి నిలవదు. ఇక వీళ్లిచ్చే చవక ఎల్ఈడీలు మెల్లగా ఆరవు, ఆఖర్లో టక్కున ఆరిపోతాయి. పాత హాలోజన్ పార్ క్యాన్లు (డబ్బాల్లాంటి స్టేజీ లైట్లు), వెలుగు తగ్గించే డిమ్మర్ అడిగి తీసుకోండి. వెన్నెల కోసమని లైటుకు నీలం జెల్ (రంగు కాగితం) వేస్తే రక్తం తారులా నల్లగా కనిపిస్తుంది, లేత అంబర్ వేయండి.

రక్తం లిక్విడ్ గ్లూకోజ్, ఎర్ర ఫుడ్ కలర్‌తో చేసింది. లీటరుకు చెంచా కోకో పొడి కలిపితే చిక్కటి రంగొస్తుంది, నాలుగు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపితే ఉతికినప్పుడు తొందరగా వదులుతుంది. సబ్బు కలిపింది నోట్లోకి, కళ్లలోకి పోకూడదు. మన తేమకు అది ఆరదు, కాళ్లు జారతాయి, తెల్లారేసరికి చీమలు. అంకం కాగానే తడిగుడ్డతో తుడిచే మనిషిని పెట్టుకోండి.

రక్తం పడే చీర మాత్రం మీ సొంతదే వాడండి. మరక పడితే అడ్వాన్సు తిరిగివ్వరు.