అమలాపురం నుంచి మారేడుమిల్లి ఘాట్‌కు ఎలక్ట్రిక్ సైకిల్ మీద

మారేడుమిల్లిలో మేము దిగిన బసలో గది అద్దె 1,800 రూపాయలు తీసుకున్నారు. దానికి నాకు అభ్యంతరం లేదు. కానీ తెల్లవారి ఖాళీ చేసేటప్పుడు బిల్లులో సైకిల్ బ్యాటరీ ఛార్జింగ్‌కని మరో 300 రూపాయలు కలిపారు. నా బ్యాటరీ 36 వోల్టులు, 10 ఆంపియర్-అవర్లు. అంటే అడుగు నుంచి నిండుగా నింపినా 360 వాట్-అవర్లు, ఛార్జర్‌లో పోయే నష్టాన్ని కలుపుకున్నా అర యూనిట్‌కు (యూనిట్ అంటే వెయ్యి వాట్-అవర్లు) మించదు. దుకాణాల మీటరు ధర కట్టినా పది రూపాయలలోపు వ్యవహారం. ఈ లెక్కను వాళ్ల బిల్లు వెనుకే వేసి చూపించాను. "బండి ఛార్జింగ్‌కి మా రేటు అంతేనండి, కావాలంటే పెట్టుకోకుండా ఉండాల్సింది" అని గుమస్తా తల ఎత్తకుండానే జవాబిచ్చాడు. గదిలో దిగేటప్పుడు ఆ రేటు ఎవరూ చెప్పలేదు, గోడ మీదా రాసి లేదు. మా బావమరిది "పోనీలెండి బావగారూ, ఎండెక్కకముందే ఘాట్ ఎక్కాలి" అని చెయ్యి పట్టుకుని లాగడంతో డబ్బు కట్టి బయటపడ్డాను గానీ, ఆ కోపం మధ్యాహ్నం దాకా దిగలేదు.

ఆ 360 వాట్-అవర్ల గురించి నాకు మొదట అబద్ధం చెప్పింది మాత్రం సైకిల్ అమ్మిన దుకాణం. 34,500 రూపాయలు తీసుకుని, ఒక్క ఛార్జింగ్‌తో 80 కిలోమీటర్లు వెళ్తుందనీ, కొండ దిగేటప్పుడు బ్యాటరీ దానంతటదే నిండుతుందనీ చెప్పారు. మా కాలువ గట్ల మీద, మిట్టపల్లాలు లేని రోడ్డులో, సముద్రం వైపు నుంచి వచ్చే ఎదురుగాలికి ఎదురు తొక్కితే నాకు 46 కిలోమీటర్లే వచ్చాయి. రెండో మాట అంతకన్నా అన్యాయం. నా సైకిల్ వెనుక చక్రంలో ఉన్నది గేర్ల హబ్ మోటారు, అంటే చక్రం నడిబొడ్డులోనే, తన సొంత చిన్న గేర్లతో ఇమిడి ఉండేది. దాని లోపల ఒక క్లచ్ ఉంటుంది. చక్రం పల్లానికి దొర్లుతున్నప్పుడు ఆ క్లచ్ మోటారును విడిచిపెడుతుంది. తిరగని మోటారు కరెంటు ఎలా పుట్టిస్తుంది? ఈ సంగతి అమ్మేవారికి తెలియదని నేను నమ్మను.

డెల్టాలో ప్రయాణం హాయిగా గడిచింది. ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి గౌతమి దాటి కోటిపల్లిలో దిగాము, ద్రాక్షారామంలో దర్శనం చేసుకుని, మండపేట మీదుగా సాయంత్రానికి రాజమండ్రిలో మా పిన్నిగారింటికి చేరాము. మరునాటికి రంపచోడవరం, మూడో రోజుకు మారేడుమిల్లి.

అసలు పరీక్ష మారేడుమిల్లి దాటి చింతూరు వైపు సాగే ఘాట్‌లో ఎదురైంది. నేనూ సైకిలూ సంచులూ కలిసి 100 కిలోలు. ఆ బరువును నిలువుగా 100 మీటర్లు ఎత్తడానికి 27 వాట్-అవర్లు కావాలి, మోటారు నష్టాలతో 40 అనుకుందాం. అంటే నా బ్యాటరీ 900 మీటర్ల ఎత్తు ఎక్కించాలి. అయినా నిండు బ్యాటరీతో బయలుదేరిన గంటలోపే మోటారు చెయ్యి ఆనించలేనంతగా కాలి, బలం సగానికి పడిపోయింది. కారణం నాకు ఇంటికి వచ్చాక అర్థమైంది. హబ్ మోటారుకు గొలుసు గేర్లతో సంబంధం లేదు. ఎక్కుడులో చక్రం గంటకు ఏడెనిమిది కిలోమీటర్లకు మందగిస్తే మోటారూ మందగిస్తుంది, అప్పుడు అది తీసుకునే కరెంటులో పెద్ద భాగం వేడిగా పోతుంది. మా బావమరిది మామూలు గేర్ సైకిల్ మీద నన్ను దాటి వెళ్లి, మలుపు దగ్గర కూర్చుని నా కోసం ఎదురు చూశాడు. అతడు ఏమీ అనకపోవడమే నన్ను ఎక్కువ బాధించింది.

తిరిగి వచ్చి అదే దుకాణంలో అడిగితే, 14,500 రూపాయలకు రెండో బ్యాటరీ కొనమన్నారు, లేదంటే మోటారుకు కరెంటును అదుపు చేసి అందించే కంట్రోలర్ మార్చి 500 వాట్లు చేస్తామన్నారు. రెండూ వద్దన్నాను. 250 వాట్లలోపు, గంటకు 25 కిలోమీటర్లలోపు ఉన్నంతవరకే మన దేశంలో దీనికి రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కరలేదు. ఆ గీత దాటించి ఘాట్ రోడ్డు మీద తిప్పడం నాకు ఇష్టం లేదు. అమలాపురంలో మాకు తెలిసిన సైకిల్ మేస్త్రీ ముందువైపు 42 పళ్ల చక్రం తీసి 34 పళ్లది, వెనుక 14 నుంచి 28 పళ్ల చక్రాలున్న ఫ్రీవీల్ తీసి 14–34 పళ్లది వేశాడు. అంతకుముందు అతి తేలిక గేర్‌లో పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం ఒకటిన్నర చుట్లు తిరిగేది, ఇప్పుడు ఒక్కటే చుట్టు. కాళ్లు ఆగకుండా తమ వాటా బరువు మోస్తుంటే మోటారు ముక్కడం మానేస్తుంది. గేర్లకు 2,150, మిగులుగా ఉంచుకున్న డిస్క్ బ్రేకు ప్యాడ్లకు 350, అంతా కలిపి 2,500 రూపాయలు. ప్యాడ్లు తప్పకుండా వెంట ఉండాలి, ఎందుకంటే మొదటిసారి దిగుడులోనే నావి అరిగిపోయాయి.

కొండల కోసమే కొత్తగా కొనేవారు మాత్రం పెడల్ ఇరుసు దగ్గర మోటారు ఉన్న సైకిల్‌నే తీసుకోవాలని గట్టిగా చెబుతాను. ఆ మోటారు బలం గొలుసు గేర్ల గుండానే చక్రానికి చేరుతుంది కాబట్టి, ఎక్కుడులో సైకిల్ మెల్లగా నడిచినా మోటారు తన వేగంలోనే తిరుగుతుంది. ఖరీదు ఎక్కువ, గొలుసు త్వరగా అరుగుతుంది. ఆ రెండూ భరించదగినవే. పెడల్ తిరుగుతోందా లేదా అని మాత్రమే చూసే సెన్సర్ కాకుండా, కాలి ఒత్తిడిని కొలిచే సెన్సర్ ఉన్నదైతే ఇంకా మేలు.

సంక్రాంతి వెళ్లాక అదే ఘాట్‌కు మళ్లీ వెళ్లాము. ఈసారి మోటారు ఎక్కడా ఆగలేదు, బ్యాటరీలో ఐదో వంతు మిగిలింది. ఈసారి వేరే బస చూసుకుని, ముందే ఫోన్ చేసి, ఛార్జర్ 100 వాట్లే తీసుకుంటుందనీ, ఒక సీలింగ్ ఫ్యానూ ఒక బల్బూ వేసుకున్నట్టేననీ వివరించి, విడిగా డబ్బు అడగరని మాట తీసుకున్నాకే అడ్వాన్సు పంపాను. ఒక కుటుంబం నడుపుతున్న ఆ చోట గదికి 1,200 రూపాయలు. ఘాట్ దిగివచ్చిన వేడిమీద బ్యాటరీని ఛార్జింగ్‌కు పెట్టకూడదు కాబట్టి గంటసేపు అరుగు మీద చల్లారనిచ్చాను. ఇంటావిడ అది చూసి, "వర్షం వచ్చేలా ఉందండి, లోపల పెట్టుకోండి" అంటూ తానే తీసుకెళ్లి వంటింటి గుమ్మం పక్కన ఉంచింది.