6.7 సీజీపీఏ, డ్రీమ్ యూనివర్సిటీ: ఇప్పుడే అప్లై చేయాలా, ఆగాలా, ఇంకో దారి చూడాలా?

"అన్నా, 6.9 ఉంది. మూడు బ్యాక్‌లాగ్స్, అన్నీ క్లియర్. ఫలానా యూనివర్సిటీ వస్తుందా?"

ఈ సీజన్‌లో ఈ మెసేజ్ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. సీజీపీఏ (పదికి బీటెక్ సగటు) మారుతుంది, బ్యాక్‌లాగ్స్ (తప్పిన సబ్జెక్టులు) మారతాయి, యూనివర్సిటీ పేరు మారుతుంది, అడిగేది మాత్రం అదే. నన్నే ఎందుకు అడుగుతారంటే, 6.7తో బయటపడి కూడా అమెరికాలోని జార్జియా టెక్ యూనివర్సిటీలో సీటు కొట్టాడని మా కాలేజీ గ్రూపుల్లో నాకో పేరుంది. అందులో సగమే నిజం. మిగతా సగం కాసేపాగి చెప్తాను.

జీఆర్ఈ అనే ప్రవేశ పరీక్ష ఏంటి, ఎస్‌వోపీ (ఎందుకు చదవాలనుకుంటున్నామో చెప్పే వ్యాసం) ఎలా రాయాలి, ఇవన్నీ మీకు తెలిసినవే. నేరుగా కంప్యూటర్ సైన్స్ ఎంఎస్ గురించే మాట్లాడతాను.

ముందు అందరూ చేసేది: ఫైనలియర్‌లోనే అప్లై చేసేయడం. నేనూ అదే చేశాను. కన్సల్టెన్సీవాళ్ళు ఒక షీట్ ఇచ్చారు: యాంబిషస్ (రావడం కష్టమైనవి) రెండు, మోడరేట్ మూడు, సేఫ్ మూడు. జీఆర్ఈకి, ఐఈఎల్‌టీఎస్‌కి, ఎనిమిది అప్లికేషన్ ఫీజులకి కలిపి లక్షా పది వేలు వదిలాయి. ఎస్‌వోపీ వాళ్ళే రాసిపెట్టారు. చిన్నప్పటి నుంచి నాకు కంప్యూటర్లంటే పిచ్చి అని మొదలైంది. తర్వాత చూస్తే నా రూమ్మేట్‌కీ అదే పిచ్చి, అవే మాటల్లో. సేఫ్ అన్న మూడూ వచ్చాయి. నాకు కావాల్సిన యాంబిషస్ రెండూ రాలేదు.

అప్పుడు నేను 6.7ని తిట్టుకున్నాను. పదికి ఆరు పాయింట్ ఏడు, అంటే నాలుగుకి 2.68, అమెరికాలో చాలా గ్రాడ్యుయేట్ స్కూళ్ళు కనీసం 3.0 అడుగుతాయి (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లన్నిటికీ అదే గీత), కాబట్టి కథ కంచికి అనుకున్నాను. ఈ గుణకారమే తప్పు. చాలా అప్లికేషన్లలో మన స్కేల్ మనల్ని మార్చొద్దంటారు, ఉన్నది ఉన్నట్టు రాయమంటారు. వెస్ అనే విదేశీ మార్కుల్ని మదింపు చేసే సంస్థతో కోర్సువారీ ఎవాల్యుయేషన్ చేయిస్తే అది ఒక్కో సబ్జెక్టు గ్రేడ్‌ని మార్చి లెక్కేస్తుంది, మన గుణకారం కంటే మామూలుగా ఎక్కువే వస్తుంది. అరిజోనా స్టేట్ అయితే 3.0 అడుగుతుంది గానీ, చూసేది డిగ్రీలో చివరి 60 క్రెడిట్ అవర్స్‌లో (దాదాపు చివరి రెండేళ్ళు). అంటే ఫస్టియర్‌లో మునిగి త్రీ-వన్ (మూడో ఏడాది మొదటి సెమిస్టర్) నుంచి తేలినవాడికి అక్కడ పెద్ద ఊరట.

మరి నా ఫైల్‌లో అసలు లోపం ఎక్కడ? ఆలస్యంగా తెలిసింది. సెమిస్టర్ మెమోలన్నీ మంచం మీద పరిచి, నేనే అడ్మిషన్ కమిటీ అనుకుని చదివాను. వన్-వన్‌లో ఎం-1 (లెక్కలు) పోయింది, ఇంజనీరింగ్ డ్రాయింగ్ పోయింది. అవి ఎవడికి కావాలి, సగం క్లాసుకి పోయాయి. టూ-వన్‌లో డేటా స్ట్రక్చర్స్ (ప్రోగ్రామింగ్‌కి పునాది సబ్జెక్టు) పోయింది. సప్లీలో పాస్ మార్కులతో గట్టెక్కాను. ఎంఎస్‌లో అల్గారిథమ్స్ చదువుతానని దరఖాస్తు పెట్టినవాడికి డేటా స్ట్రక్చర్స్ ఒకసారి తప్పి ఉంది. ఫైల్ చదివేవాడికి కలిగే అనుమానం 6.7 గురించి కాదు, ఆ ఒక్క లైను గురించి. ఆ తర్వాత నేను దాన్ని సరిచేసుకున్నానని చూపించే కాగితం ఫైల్‌లో ఇంకోటి లేదు.

అందుకే ఏ దారి మంచిదని ఎవరడిగినా నేను ఒకే కొలబద్ద పెడతాను: నీ మెమోలో ఉన్న ఆ లైనుకి ఈ దారి జవాబిస్తుందా, లేదా?

జీఆర్ఈ ఇవ్వదు. క్వాంట్ (లెక్కల భాగం) అంతా స్కూలు లెక్కలే, మన పిల్లల్లో 165 దాటినవాళ్ళు బోలెడు. 170 వచ్చినా డేటా స్ట్రక్చర్స్ అనుమానం అక్కడే కూర్చుని ఉంటుంది.

రెండేళ్ళు ఉద్యోగం చేసి అప్లై చేయడం రెండో దారి. ఇంట్లోవాళ్ళకి ఇది బాగా నచ్చుతుంది. జీతం వస్తుంది, లోన్ తగ్గుతుంది. వీసా ఇంటర్వ్యూలో చెప్పడానికీ ఏదో ఉంటుంది. కానీ గచ్చిబౌలిలో రెండేళ్ళు నైట్ షిఫ్ట్‌లో కస్టమర్ల ఫిర్యాదు టికెట్లు క్లోజ్ చేసినవాడి అనుభవం ఎంఎస్ కమిటీకి ఏం చెప్తుంది? ఉద్యోగం చేశాడని చెప్తుంది. మేనేజర్ ఎల్‌వోఆర్ (సిఫార్సు లేఖ)లో "కష్టపడే మనిషి" అని రాస్తే అది మామూలు మాటే. "ఫలానా సర్వీస్ వీడే డిజైన్ చేశాడు, లోడ్ ఇంత తట్టుకుంది" అని రాస్తే అది వేరే. డెవలప్‌మెంట్‌లో పడితే ఈ దారి మంచిదే, సపోర్ట్‌లో పడితే కాలయాపన. ఎందులో పడతామో మన చేతిలో ఉండదు. (కల ఎంబీఏ అయితే మాత్రం లెక్క తిరగబడుతుంది. గచ్చిబౌలిలోనే ఉన్న ఐఎస్‌బీ అనే బిజినెస్ స్కూల్‌లో మెయిన్ కోర్సుకి రెండేళ్ళ అనుభవం కావాలి. అక్కడ ఉద్యోగం అదనపు అర్హత కాదు, ప్రవేశ టికెట్టే.)

మూడోది నేను ఎంచుకున్నది, ఆ సగం నిజం ఇదే. జార్జియా టెక్ 2014 నుంచి ఆన్‌లైన్‌లో ఎంఎస్ కంప్యూటర్ సైన్స్ నడుపుతోంది, ఓఎంఎస్‌సీఎస్ అంటారు. పది కోర్సులు, 30 క్రెడిట్లు, మొత్తం ఖర్చు 7 వేల డాలర్లు అటూఇటూగా. పట్టా మీద ఆన్‌లైన్ అన్న మాట ఉండదు. జీఆర్ఈ అడగరు. 3.0 ఉంటే మంచిదంటారు గానీ తక్కువున్నంత మాత్రాన తీసి పక్కన పడేయరు. ఎందుకంటే వాళ్ళ వడపోత లోపలుంది: మొదటి ఏడాదిలో ఫౌండేషన్ కోర్సులు రెండింట్లో కనీసం బీ గ్రేడ్ తెచ్చుకోవాలి. లోపలికి రానిచ్చి, ఆపైన పరీక్ష పెడతారు. తక్కువ సీజీపీఏవాడికి ఇంతకంటే న్యాయమైన బేరం నాకు ఇంకెక్కడా కనబడలేదు.

తేలికనుకుని దూకితే మాత్రం దెబ్బతింటారు. నా మొదటి కోర్సు ఆపరేటింగ్ సిస్టమ్స్. సీ భాషలో మల్టీథ్రెడెడ్ ఫైల్ సర్వర్ రాయాలి. ఆఫీసు నుంచి వచ్చి రాత్రి పదికి కూర్చుంటే ఒంటిగంటకి సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని ప్రోగ్రామ్ కూలిపోతుంది, రెండింటికి మళ్ళీ అదే. టూ-వన్‌లో నేను బట్టీపట్టి వదిలేసిన లింక్డ్ లిస్టులు, పాయింటర్లు వడ్డీతో సహా వసూలు చేశాయి. పరీక్షకి కెమెరాతో గదంతా చూపించాలి, టేబుల్ కింద కూడా. దసరాకి ఖమ్మం వెళ్ళి అక్కణ్ణుంచే మిడ్‌టర్మ్ రాస్తుంటే, తలుపు మీద కాగితం అంటించినా సరే, అమ్మ కాఫీ గ్లాసుతో లోపలికి వచ్చేసింది. రికార్డింగ్‌లో ఆమె చెయ్యీ, స్టీలు గ్లాసూ ఉండే ఉంటాయి. ఎవరూ ఏమీ అనలేదు. చివరికి బీ వచ్చింది. బీటెక్ మొత్తంలో వచ్చిన ఏ గ్రేడూ నాకంత సంతోషాన్నివ్వలేదు.

ఇక దీంతో రానివి. ఐ-20 (వీసాకి యూనివర్సిటీ ఇచ్చే పత్రం) రాదు, ఎఫ్-1 స్టూడెంట్ వీసా లేదు, ఓపీటీ (చదువయ్యాక అక్కడ పనిచేసే అనుమతి) లేదు. ఇక్కణ్ణుంచి క్యాంపస్ ఎంఎస్‌కి బదిలీ ఉండదు, కావాలంటే మళ్ళీ అందరిలాగే అప్లై చేయాలి. క్లాసులో వందల మంది ఉంటారు, నిన్ను పేరుతో గుర్తుపట్టి ఎల్‌వోఆర్ రాసే ప్రొఫెసర్ దొరకడం కష్టం. నీ కల యూనివర్సిటీయా, అమెరికాయా అన్నది ముందు నిజాయితీగా తేల్చుకో. అమెరికానే అయితే ఇది నీది కాదు. మా నాన్నకి ఇప్పటికీ అర్థం కాలేదు. "సీటొచ్చిందంటావు, మరి ఫ్లైట్ ఎప్పుడ్రా?" అని ప్రతి పండక్కీ అడుగుతాడు.

దీనికి తోబుట్టువు లాంటిది బౌల్డర్‌లోని కొలరాడో యూనివర్సిటీ ఆన్‌లైన్ ఎంఎస్. అక్కడ మార్కుల మెమోనే అడగరు. మూడు కోర్సులు చేసి, సగటున బీ తెచ్చుకుంటే అదే అడ్మిషన్. ఫీజు మాత్రం జార్జియా టెక్‌కి రెట్టింపు పైనే.

ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌ని మనవాళ్ళు ఎందుకు చిన్నచూపు చూస్తారో తెలియదు. చాలా ఐఐటీల్లో 60 శాతమో 6 సీజీపీఏనో ఉంటే గీత దాటినట్టే. ఆ తర్వాత ఎంటెక్ సీటుకి ప్రధానంగా మాట్లాడేది గేట్ స్కోరు. డేటా స్ట్రక్చర్స్, అల్గారిథమ్స్ సిలబస్‌లోనే ఉన్నాయి, అంటే నా కొలబద్దకి సరిగ్గా సరిపోతుంది. స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది, చేరాక నెలకి 12,400 స్టైపెండ్. కష్టమల్లా ఆ ర్యాంకు తెచ్చుకోవడమే. ఏడాది ఇంట్లో కూర్చుని చదివే ఓపిక నాకు లేక వదిలేశాను, దారి చెడ్డదని కాదు.

జర్మనీ పబ్లిక్ యూనివర్సిటీలు: ఫీజు తక్కువ, కానీ బవేరియన్ ఫార్ములాతో (మన మార్కుల్ని జర్మన్ గ్రేడ్‌గా మార్చే లెక్క) ముందు మార్కుల్నే కొలుస్తారు. పాస్ గీత 5 అనుకుంటే నా 6.7 దాదాపు 3.0 అవుతుంది. అక్కడ అంకె పెరిగేకొద్దీ గ్రేడ్ తగ్గినట్టు, 2.5కి మించకూడదనే కోర్సులు చాలా. సర్టిఫికెట్ కోర్సులు చేస్తే తప్పు లేదు, చేసినంత మాత్రాన ఒరిగేదీ లేదు.

మొన్న ఒక జూనియర్ మళ్ళీ అదే మెసేజ్ పెట్టాడు. 6.8, నాలుగు బ్యాక్‌లాగ్స్, కల అరిజోనా స్టేట్. సీజీపీఏ వద్దు, ఎనిమిది మెమోల ఫొటోలు పంపమన్నాను. పోయినవి ఎం-1, ఎం-2, కెమిస్ట్రీ, డ్రాయింగ్. టూ-టూ తర్వాత ఒక్కటీ పోలేదు, త్రీ-వన్ నుంచి కోర్ సబ్జెక్టులన్నీ 8 పైనే. ఈ ఫాల్‌కే అప్లై చేయి, ఎస్‌వోపీ నువ్వే రాసుకో, నా దారి నీకెందుకు అన్నాను.

"మరి నువ్వెందుకు అలా వెళ్ళావన్నా?"

నా టూ-వన్ మెమో ఫొటో తీసి పంపాను, డేటా స్ట్రక్చర్స్ ఎదురుగా ఎఫ్ కనిపించేలా.

"ఓహ్" అన్నాడు.