ఫోటోగ్రాఫర్ విజిటింగ్ కార్డు: ఏ సైజు, ఏ కాగితం, ఏ లామినేషన్?

ప్లంబర్ కార్డులో నీలం రంగు కాస్త అటూ ఇటూ అయినా అడిగేవాళ్లుండరు. ఫోటోగ్రాఫర్ కార్డులో పెళ్లికూతురి మొహం పాలిపోయి పడితే మాత్రం, చూసినవాళ్లు ప్రెస్సును తిట్టరు, ఈ మనిషి తీసే ఫోటోలే ఇంత అనుకుంటారు. అందుకే మామూలు విజిటింగ్ కార్డు సలహాలు ఇక్కడ సగమే పనికొస్తాయి. ప్రెస్సువాళ్ల శాంపిల్ కట్టలో గ్లాసీ, మ్యాట్, వెల్వెట్, స్పాట్ యూవీ, లామినేషన్ లేని కాగితం, ప్లాస్టిక్, ఈమధ్య ఫోన్‌కి తాకిస్తే పనిచేసే చిప్పున్న ఎన్‌ఎఫ్‌సీ అన్నీ ఉంటాయి. వాటిలో ఫోటోని మోయగలిగేది ఏది, చేతిలో బాగుండి పనిలో దెబ్బతీసేది ఏది అన్నదే ఇక్కడి లెక్క.

తీర్పు ముందే చెప్పేస్తాను. సొంతంగా పనిచేసుకునే ఫోటోగ్రాఫర్‌కి 350 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి గ్రాముల్లో కాగితం బరువు) ఆర్ట్ కార్డు, అంటే నున్నటి పూత ఉన్న మందపాటి కాగితం, రెండు వైపులా మ్యాట్ లామినేషన్, 85×55 మిల్లీమీటర్ల సైజు, ముందువైపు అంచుల దాకా ఒకే ఒక్క ఫోటో, వెనక లేత రంగు మీద అక్షరాలు. దీన్ని దాటి ఏం చేసినా, ఎందుకు చేస్తున్నామో తెలిసి చేయాలి.

సైజు నుంచి మొదలుపెడదాం, ఎందుకంటే చాలామంది టెంప్లేట్ ఏదిస్తే అదే తీసుకుంటారు. ఎక్కువగా దొరికేవి రెండు: 3.5×2 అంగుళాలు, అంటే దాదాపు 89×51 మిల్లీమీటర్లు, రెండోది 85×55. పైకి పెద్ద తేడా లేనట్టే ఉంటుంది. ఫోటో పెట్టి చూస్తేనే తెలుస్తుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరా ఫ్రేమ్ 3:2, అంటే 1.5. కటింగ్ కోసం నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే కోతలో పోయే అదనపు అంచు, కలిపితే 85×55 కార్డు 91×61 అవుతుంది, నిష్పత్తి 1.49. అంటే తీసిన ఫ్రేమ్ తీసినట్టే కూర్చుంటుంది, కటింగ్‌లో అంచులు మాత్రమే పోతాయి. 3.5×2 కార్డు బ్లీడ్‌తో కలిపి 95×57, నిష్పత్తి 1.67. దీంట్లో ఫోటోని వెడల్పుకి సరిపెడితే, కటింగ్ అయ్యాక ఎత్తులో దాదాపు ఐదో వంతు మాయం. తల పైన వదిలిన ఖాళీ, కింద చేతులు, పాదాలు అన్నీ అందులో పోతాయి. నిలువు ఫోటోలు ఎక్కువగా తీసేవాళ్లు కార్డునే నిలువుగా వేసుకోవచ్చు, ఏ నియమమూ అడ్డు రాదు.

రిజల్యూషన్ గురించి కంగారు అక్కర్లేదు. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర బ్లీడ్‌తో కలిపి 91×61 కార్డుకి కావలసింది సుమారు 1075×720 పిక్సెళ్లే. ఏ కెమెరా ఫైల్ అయినా సరిపోతుంది. కాకపోతే ఇన్‌స్టాగ్రామ్ నుంచి వెనక్కి దించుకున్న ఫోటో వాడొద్దు. అది అప్పటికే ఒకసారి నలిగి ఉంటుంది. పెద్ద ఫైల్‌ని అలాగే టెంప్లేట్‌లో పడేయడమూ తప్పే. ముందు అసలు సైజుకి కుదించి, ఆ తర్వాత షార్పెన్ చేయాలి. 24 మెగాపిక్సెళ్ల దగ్గర చేసిన షార్పెనింగ్ 9 సెంటీమీటర్ల కార్డు మీదికొచ్చేసరికి ఆనవాలు లేకుండా పోతుంది.

ఇక లామినేషన్. ఫోటోగ్రాఫర్ కార్డు బాగుపడేదీ చెడేదీ ఎక్కువగా ఇక్కడే.

గ్లాసీలో రంగులు నిండుగా, నలుపు లోతుగా వస్తాయి. స్క్రీన్ మీద చూసినదానికి దగ్గరగా ఉండేది ఇదే. కానీ ట్యూబులైటు కింద పట్టుకుంటే ఫోటో బదులు లైటు కనపడుతుంది, రెండు చేతులు మారేసరికి వేలిముద్రలు తేలతాయి. పైగా దానిమీద పెన్ను జారిపోతుంది. షూట్ తేదీనో ఒప్పుకున్న రేటునో కార్డు వెనక రాసిచ్చే అలవాటున్న వృత్తి ఇది. ఆ ఒక్క కారణం చాలు, నేను గ్లాసీని పక్కన పెడతాను.

మ్యాట్‌లో పైపొర వెలుతురుని చెదరగొడుతుంది. మెరుపు పోతుంది, కార్డు ఏ కోణంలో పట్టుకున్నా ఫోటో కనిపిస్తుంది. దీనికి మూల్యం నలుపే. మ్యాట్ కింద ముదురు నీడలు బూడిదబారి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. నల్ల సూటు, నల్ల జుట్టు, వెనక చీకటి మండపం ఉన్న ఫోటో అయితే మూడూ కలిసి ఒకే మరకలా పడతాయి. అందుకని ప్రెస్సుకి పంపే కాపీలో నీడల్లోని వివరాలను స్క్రీన్ మీద అతిగా అనిపించేంత పైకి లేపి, మధ్య టోన్లలో కాంట్రాస్ట్ కొంచెం పెంచాలి. మ్యాట్ మీద బాల్‌పెన్నుతో ఎలాగోలా రాయొచ్చు, జెల్ పెన్ను సిరా మాత్రం ఆరేలోపే అలుక్కుపోతుంది.

వెల్వెట్ అంటే చేతికి మెత్తగా, పీచ్ పండు తొక్కలా తగిలేది. శాంపిల్ చూపిస్తే పది మందిలో తొమ్మిది మంది దీన్నే ఎంచుకుంటారు, అందులోనూ నల్లటి కార్డు మీద. సరిగ్గా అక్కడే తేడా కొడుతుంది. ముదురు రంగు మీద వేలి జిడ్డు మచ్చగా నిలుస్తుంది, పర్సులో రాపిడికి మూలలు, అంచులు మెరుపు తేలతాయి. లేత రంగు డిజైన్‌కైతే వెల్వెట్ చక్కగా నప్పుతుంది. నవజాత శిశువుల ఫోటోలు తీసేవాళ్లకి, తెలుపు, గోధుమ రంగుల్లో పనిచేసేవాళ్లకి ధైర్యంగా చెప్పొచ్చు. నలుపే కావాలంటే గీతలు పడని రకం మ్యాట్ ఫిల్ము ఉందా అని అడగండి, కొన్ని ప్రెస్సుల్లో అదీ ఉంటుంది.

వెనక రాసుకోవడానికి వీలుగా లామినేషన్ ఒక్క వైపే వేయించుకుంటే పోలా అనిపిస్తుంది. వేయించకండి. లామినేషన్ లేని వైపు గాలిలో తేమని పీల్చుకుని సాగుతుంది, ఫిల్ము ఉన్న వైపు సాగదు. కొన్నాళ్లకి కార్డు తమలపాకులా వంగుతుంది. రాసుకోవడం అంత ముఖ్యమైతే రెండు షీట్లు కలిపి అతికించిన మందపాటి కార్డు అడగాలి: ముందు కోటెడ్ (పూత వేసిన) కాగితం, వెనక మామూలు కాగితం. ఖర్చు ఎక్కువే, కానీ మందంగా ఉంటుంది కాబట్టి అంత తేలిగ్గా వంగదు, పెన్నూ పలుకుతుంది.

స్పాట్ యూవీ అంటే మ్యాట్ మీద ఎంచుకున్న చోట మాత్రం మెరుపు. ఫోటోలో లెన్స్ గాజు, కంటిపాప, నీటిచుక్క లాంటి వాటి మీద వేయాలన్న సరదా కలుగుతుంది. యూవీ పొర అచ్చు మీద అర మిల్లీమీటరు జరిగినా కంటిపాప మెరుపు రెప్ప మీద పడుతుంది. పేరు పెద్దగా, లావుగా ఉంటే దానిమీద వేయించండి, ఫోటో జోలికి, చిన్న అక్షరాల జోలికి పోవద్దు. మెరుపు ఎక్కడ పడాలో చూపే మాస్కుని వేరే పేజీగా లేదా వేరే లేయరుగా, పూర్తి నలుపులో, వెక్టర్‌గా (ఎంత పెద్దది చేసినా అంచు చెదరని గీతల ఫైలుగా) ఇవ్వాలి. బూడిద షేడ్లు పనిచేయవు. అక్కడ యూవీ ఉంటుంది లేదా ఉండదు, మధ్యస్థం లేదు.

లామినేషన్ లేని కాటన్ కాగితం, లెటర్‌ప్రెస్ (అక్షరాలను కాగితంలోకి నొక్కి వేసే అచ్చు) లాంటివి అందంలో అన్నిటికంటే ముందుంటాయి, ఫోటో విషయంలో అన్నిటికంటే వెనక. కాగితం సిరాని పీల్చేసుకుంటే చుక్కలు ఉబ్బి ఫోటో మసకబారుతుంది. పేరు, నంబరు తప్ప ఇంకేమీ వద్దనుకునే నిబ్బరం ఉన్నవాళ్లకి మాత్రమే ఇది. పారదర్శక ప్లాస్టిక్ మీద కింద తెలుపు వేయకపోతే ఫోటో వెలిసిపోయినట్టుంటుంది, దాన్ని వదిలేయొచ్చు.

ఫోటో ఎంపికలో ఫోటోగ్రాఫర్లే తరచూ చేసే పొరపాటు ఒకటుంది. తమకి బాగా పేరు తెచ్చిన ఫోటోనే ఎంచుకుంటారు, అచ్చులో నిలబడే ఫోటోని కాదు. అరచేతిలో పట్టే సైజులో చదవగలిగేది ఒక మనిషి, ఒక భంగిమ, వెనక ఖాళీ. ముప్పై మంది ఉన్న గ్రూప్ ఫోటో, డ్రోన్ షాటు కార్డు మీద గులకరాళ్లలా ఉంటాయి. ఆరు చిన్న ఫోటోల కొలాజ్ అయితే ఏదీ కనపడదు.

రంగులు సీఎంవైకేలోకి, అంటే అచ్చులో వాడే సయాన్, మెజెంటా, యెల్లో, నలుపు (కే) సిరాల్లోకి మారేటప్పుడు మొదట చచ్చేవి ముదురు నీలాలు, మెరిసే ఆకుపచ్చలు, స్టేజి లైట్ల గులాబీ, ఊదా రంగులు. సంగీత కచేరీ ఫోటోలు తీసేవాళ్లకి ఇది పెద్ద దెబ్బ. ఫోటోషాప్‌లో వ్యూ మెనూలోని ప్రూఫ్ సెటప్‌లో ప్రెస్సు చెప్పిన రంగుల ప్రొఫైల్ ఎంచుకుని, కాగితం రంగు చూపించే టిక్కు కూడా పెట్టి, కంట్రోల్ వై నొక్కి చూడండి. ఒక్కసారిగా ఫోటో చప్పబడినట్టు అనిపిస్తుంది. అచ్చులో రాబోయేది దాదాపు అదే, దాన్ని చూస్తూనే సరిదిద్దాలి. ప్రెస్సువాళ్లు ప్రొఫైల్ పేరు చెప్పలేకపోతే కోటెడ్ ఫోగ్రా39 అనే ప్రామాణిక ప్రొఫైల్‌తో చూసుకోవడం ఏమీ చూడకపోవడం కన్నా మేలు. మొహం మీద ఐడ్రాపర్ (రంగు కొలిచే టూలు) పెట్టి అంకెలు చదవండి: యెల్లో అంకె మెజెంటా అంకె కన్నా కొంచెం ఎక్కువగా ఉండాలి. మెజెంటా దాటిపోతే మొహం ఎండకి కందినట్టు, సయాన్ పెరిగితే జబ్బు చేసినట్టు ఉంటుంది.

అక్షరాల్లో జాగ్రత్తలు కొన్నే. చిన్న అక్షరాలు 100 శాతం కే నలుపులోనే, అంటే ఒక్క నలుపు సిరాతోనే ఉండాలి. నాలుగు రంగుల నలుపు వాడితే ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా ఫోన్ నంబరు చుట్టూ ఎరుపు, నీలం నీడలు వస్తాయి. పెద్ద నల్ల బ్యాక్‌గ్రౌండ్‌కి అదే తిరగబడుతుంది: ఒక్క కే చాలదు, సయాన్, మెజెంటా, యెల్లో, కే వరసలో 60, 40, 40, 100 శాతం లాంటి కలయిక కావాలి. ఇంగ్లిష్ అక్షరాలు 7 పాయింట్లకు తగ్గకూడదు. తెలుగులో పేరు వేసుకునేవాళ్లు 9 కి తగ్గొద్దు, ‘లక్ష్మి’లో వత్తులూ గుడీ ఆ మాత్రం చోటు లేకపోతే సిరాతో పూడుకుపోతాయి. పంపేముందు అక్షరాలను కర్వ్స్‌లోకి (ఫాంటు అక్కర్లేని గీతల ఆకారాల్లోకి) మార్చడం మరవొద్దు, అవతలి కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోతే వత్తులు ఊడి పక్కన కూర్చుంటాయి.

ఫోటోల మీద వాటర్‌మార్కుగా వాడే సంతకం లోగోనే కార్డు మీదా పెట్టేస్తుంటారు. దారంలా సన్నటి ఆ గీత ముదురు ఫోటో మీద తెలుపులో వేస్తే తెగిపోతుంది. కనీసం అర పాయింటు మందం ఉండాలి. ఫైలు పీఎన్‌జీ కాకుండా వెక్టర్ అయ్యుండాలి. కెమెరా బొమ్మ, లెన్సు అపర్చర్ బ్లేడుల చక్రం మాత్రం ఎవరి కార్డులోనైనా ఉండేవే. ఏం తీస్తారో రెండు మాటల్లో రాస్తే, ఆ బొమ్మ చేసేదానికన్నా ఎక్కువ పని జరుగుతుంది. ‘పెళ్లిళ్లు, పుట్టినరోజులు, ఇండస్ట్రియల్, ఫ్యాషన్, పాస్‌పోర్ట్’ అని అన్నీ వరసపెడితే ఎవరికీ గుర్తుండరు.

క్యూఆర్ కోడ్ ఇక్కడ నిజంగా అక్కరకొస్తుంది, పోర్ట్‌ఫోలియో చూపించాలి కదా. అందులో పూర్తి కాంటాక్ట్ వివరాలు కుక్కొద్దు. 42 అక్షరాల లోపు లింకు మీడియం ఎర్రర్ కరెక్షన్‌తో (కోడ్ కొంత చెడినా చదవగలిగే ఏర్పాటుతో) 29×29 గళ్లలో సరిపోతుంది. చుట్టూ వదలాల్సిన నాలుగేసి గళ్ల ఖాళీ కలిపి 20 మిల్లీమీటర్లలో వేస్తే ఒక్కో గడి అర మిల్లీమీటరు దాటి ఉంటుంది, ఫోన్ ఠక్కున పట్టేస్తుంది. అదే పేరు, నంబర్లు, చిరునామా కలిపి 200 అక్షరాలు పెడితే 57×57 గళ్లవుతాయి, ఒక్కో గడి 0.3 మిల్లీమీటరుకి పడిపోతుంది. ఇంకో చిక్కు: ‘డైనమిక్’ కోడ్ అమ్మే సైట్లలో లింకు వాళ్ల సర్వర్ మీదుగా వెళ్తుంది. చందా ఆపేసిన రోజున పెట్టెలో మిగిలిన కార్డులన్నీ చిత్తు కాగితాలే. సొంత డొమైన్ లింకుతో స్టాటిక్ కోడ్, అంటే లింకు నేరుగా అందులోనే ఉండేది, వేయించుకోండి. తెలుపు మీద నలుపే ఉండాలి, తిరగేసిన రంగుల్ని కొన్ని ఫోన్లు చదవవు. ఎన్‌ఎఫ్‌సీ కార్డు ఒకటి జేబులో ఉంచుకుని తాకించి చూపించడానికి బాగుంటుంది, పంచిపెట్టడానికి కాదు.

డిజైన్ దేంట్లో చేయాలంటే, కాన్వా చాలు, ఒక షరతు మీద. డౌన్‌లోడ్‌లో పీడీఎఫ్ ప్రింట్ ఎంచుకుని, క్రాప్ మార్కులు (ఎక్కడ కోయాలో చూపే గీతలు), బ్లీడ్ టిక్కు పెట్టాలి. సీఎంవైకే ఎంపిక డబ్బు కట్టే ఖాతాలోనే ఉంటుంది. ఉచితంగా వాడితే రంగుల మార్పిడి ప్రెస్సువాళ్ల చేతిలోకి పోతుంది, ఫోటో ఉన్న కార్డుకి అది మంచిది కాదు. కోరల్‌డ్రా, ఇలస్ట్రేటర్ తెలిస్తే వాటిలోనే చేయండి. ఫోటోషాప్‌లో ఫోటో మాత్రమే సిద్ధం చేసి, అక్షరాలు బయట పెట్టాలి. మొత్తం జేపీజీగా పంపితే అక్షరాల అంచులు నలిగిపోతాయి.

ఫోటో చుట్టూ పోలరాయిడ్ లాగా సన్నటి తెల్ల అంచు చాలామందికి ముచ్చట. 2 మిల్లీమీటర్ల అంచులో కటింగ్ ఒక్క మిల్లీమీటరు జరిగితే ఒకవైపు 1, ఇంకోవైపు 3 అవుతుంది, దూరం నుంచే వంకర తెలుస్తుంది. కట్టగా పేర్చి కోసేటప్పుడు బ్లేడు ఒత్తిడికి కాగితాలు జరుగుతాయి కాబట్టి ఆ మాత్రం తేడా మామూలే. అంచు కావాలంటే 5 మిల్లీమీటర్లు వదలండి, లేదా ఫోటోని పూర్తిగా బయటికి పోనివ్వండి.

ప్రూఫ్ అడిగేటప్పుడు పీడీఎఫ్ ప్రూఫ్‌తో సరిపెట్టుకోకండి. అసలు కాగితం మీద, అసలు లామినేషన్‌తో ఒక కార్డు చూపించమనాలి. తక్కువ సంఖ్యలో డిజిటల్ ప్రింట్ అయితే ఇది తేలిక. ప్లేట్లతో అచ్చేసే ఆఫ్‌సెట్‌లో నలుగురి కార్డులు ఒకే షీటు మీద కలిపి వేస్తే, పక్కవాళ్ల డిజైన్‌కి కావలసినంత సిరా పెట్టే క్రమంలో మీ ఫోటో రంగు జరుగుతుంది. పెట్టె చేతికొచ్చాక పై కార్డు ఒక్కటే చూసి మూసేయొద్దు. పైన, మధ్యలో, అడుగున ఒక్కోటి తీసి పక్కపక్కన పెట్టి మొహాల రంగు, నాలుగు అంచులు సరిచూడండి. మూల దగ్గర గోటితో నెమ్మదిగా గీకండి. డిజిటల్ ప్రింట్‌లో ముదురు చోట్ల లామినేషన్ సరిగా అంటకపోతే అక్కడే పొర లేస్తుంది.