విభక్తి దగ్గర తడబడే పార్సర్: రాతను సరిచేయాలా, రూలును సరిచేయాలా? ఏది మేలు?

ప్రూఫు కాగితాల్లో మాస్టారు ఎర్ర ఇంకుతో సున్నా చుట్టిన వాక్యం ఇది:

**ఐఎన్‌ఎస్ కురుసుర (జలాంతర్గామి)**ని చూశాక బీచ్ రోడ్డు వెంట నడుచుకుంటూ వెళ్లొచ్చు.

“మిగతా చోట్ల అక్షరాలు లావుగా పడ్డాయి కదా బాబూ, ఇక్కడ ఈ చుక్కలేంటి?” అని ఫోన్లో అడిగారు. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. విశాఖ చూడవచ్చేవాళ్ల కోసం మేం వేస్తున్న 140 పేజీల పుస్తకానికి ప్రూఫులు చూస్తున్నారు. వెతికితే అలాంటివి 37 చోట్ల దొరికాయి.

ద్వారకానగర్‌లోని మా చిన్న ఆఫీసులో పుస్తకాలన్నీ మార్క్‌డౌన్‌లో రాసుకుని, పాండాక్ అనే ప్రోగ్రాంతో ఈపబ్ (ఈ-బుక్)గానూ వర్డ్ ఫైలుగానూ మారుస్తాం. మార్క్‌డౌన్ అంటే మామూలు రాతలోనే గుర్తులు పెట్టుకునే పద్ధతి: మాటకు అటూ ఇటూ రెండేసి చుక్కలు (**) పెడితే బోల్డు, ఒక్కో చుక్క గానీ అండర్‌స్కోరు గానీ పెడితే ఇటాలిక్. రాతను చదివి ‘ఇది శీర్షిక, ఇది పేరా, ఇది బోల్డు’ అని విడదీసేది పార్సర్. పాండాక్‌లో ఆ పని చేసే భాగాన్ని రీడర్ అంటారు. రీడర్ ఆ రాతను ఒక చెట్టులా పేర్చి ఇస్తుంది, రైటర్ ఆ చెట్టును చూసి కావలసిన ఫార్మాట్‌లో రాస్తుంది. మా రాతలో తప్పు లేదు, రైటర్‌లోనూ లేదు. తప్పు జరిగింది చదివేటప్పుడే. మరి ఎక్కడ చెయ్యి పెట్టాలి? చదవకముందు రాతలోనా, చదివాక చెట్టులోనా, చదివే పద్ధతిలోనేనా?

ముందు జబ్బు ఏమిటో చూద్దాం. 2004లో జాన్ గ్రూబర్ మార్క్‌డౌన్ విడుదల చేసినప్పుడు దాన్ని నడిపించింది ఒక పెర్ల్ స్క్రిప్టు. ఒకదాని తర్వాత ఒకటి రెగెక్స్ (అక్షరాల నమూనాను వెతికి పట్టే సూత్రం) మార్పులు చేసుకుంటూ పోయేది. చిక్కు సందర్భాల్లో ఏం చేయాలో ఎక్కడా రాసి లేదు. 2014లో వచ్చిన కామన్‌మార్క్ అనే మార్క్‌డౌన్ నియమావళి ఆ లోటు తీర్చింది. మేం వాడే రీడర్ నడిచేది దాని ప్రకారమే. ఏ చుక్క బోల్డును మొదలుపెట్టగలదో, ఏది ముగించగలదో కచ్చితంగా చెప్పింది. అందులో ఒక రూలు ఉంది: ముగింపు చుక్కలకు ముందు విరామ చిహ్నం ఉంటే, వాటి తర్వాత ఖాళీ గానీ ఇంకో విరామ చిహ్నం గానీ రావాలి. ఇంగ్లీషులో బ్రాకెట్ మూశాక ఖాళీ వస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. మనకు ‘ని’, ‘లో’, ‘కి’, ‘తో’ మాటకు అతుక్కునే ఉంటాయి. కురుసుర వాక్యంలో చుక్కలకు ముందు బ్రాకెట్ (అదీ విరామ చిహ్నం లెక్కే), వెనక వెంటనే ‘ని’. ఆ చుక్కలు బోల్డును ముగించలేవు. మూసేవి లేకపోతే తెరిచినవి కూడా ఉత్త చుక్కలుగా మిగిలిపోతాయి.

బ్రాకెట్ లేకుండా **కైలాసగిరి**కి అని రాస్తే ఏ గొడవా లేదు. అదే అండర్‌స్కోరుతో _కైలాసగిరి_కి అంటే మాత్రం తప్పుతుంది, మాట మధ్యలో వచ్చే అండర్‌స్కోరు దేన్నీ మూయలేదు కాబట్టి. తెలుగు రాసేవాళ్లు కామన్‌మార్క్‌లో అండర్‌స్కోరు జోలికి పోకపోవడమే మంచిది.

ఇక మందులు. మొదట రాతనే సరిచేద్దామనుకున్నాం. చుక్కలకూ ‘ని’కీ మధ్య ఖాళీ హెచ్‌టీఎంఎల్ కామెంటు (పేజీలో కనిపించని గుర్తు) ఒకటి దూరిస్తే బోల్డు ముగుస్తుంది. కామెంటు మొదలయ్యే గుర్తు విరామ చిహ్నాల లెక్కలోకి వస్తుంది మరి. జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనపడని అక్షరం పెడితే సరిపోదా అని నాకూ అనిపించింది. అది ఖాళీ కిందా రాదు, విరామ చిహ్నం కిందా రాదు, అందుకే పని జరగదు. సరే, కామెంటు దూర్చే చిన్న పైథాన్ స్క్రిప్టు రాశాను. అక్కడ ఇంకో దెబ్బ. మాటలో వచ్చే అక్షరం అని చెప్పడానికి పైథాన్ రెగెక్స్‌లో ఉన్న గుర్తు మన గుణింతాలను అక్షరాలుగా లెక్కచేయదు. ‘విశాఖ’ ఇచ్చి మాటలు విడదీయమంటే వ, శ, ఖ అని మూడు ముక్కలు చేతిలో పెట్టింది. గుడి పోయింది, దీర్ఘం పోయింది. తెలుగు యూనికోడ్ వరుసను నేరుగా ఇచ్చి అది దాటాను. దాటాక తెలిసింది అసలు సంగతి: మా రచయితలకు ఇచ్చే సూచనల ఫైల్లో, కోడ్ బ్లాకులో (ఉన్నది ఉన్నట్టే కనిపించాల్సిన భాగంలో) ఉదాహరణగా రాసుకున్న చుక్కల మధ్య కూడా కామెంట్లు దూరాయి. ఏది కోడో ఏది మామూలు రాతో రెగెక్స్‌కు తెలియదు. తెలియాలంటే పార్సర్ కావాలి. ఉన్న పార్సర్‌ను బాగుచేయడం మానేసి, దాని ముందు ఇంకో అరకొర పార్సర్ పెట్టుకున్నట్టే అయింది.

ఇక చెట్టును సరిచేసే లువా ఫిల్టర్ (పాండాక్‌కు మనం రాసి తగిలించే చిన్న స్క్రిప్టు) సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఫిల్టర్ పనిచేసేది చెట్టు తయారయ్యాక. అప్పటికి కురుసుర వాక్యం మామూలు అక్షరాల ముక్కలు, ఖాళీలు, మళ్లీ ముక్కలుగా విడిపోయి ఉంటుంది. వాటిని ఏరి, జతచేసి, ఇది బోల్డు అయి ఉంటుందని ఊహించాలి. చెట్టు సరిగ్గా ఉన్నప్పుడు శీర్షికల స్థాయి మార్చడానికో, బొమ్మల కింద రాత సర్దడానికో ఫిల్టర్ అంత హాయైన పనిముట్టు లేదు. చదవడంలో పోయిన అర్థాన్ని తిరిగి తేవడం దాని పని కాదు.

రీడర్‌నే మార్చేస్తే? పాండాక్‌కు మొదటినుంచీ సొంత మార్క్‌డౌన్ రీడర్ ఉంది. జాన్ మెక్‌ఫార్లేన్ 2006లో పాండాక్ విడుదల చేశారు. కాలిఫోర్నియాలోని బర్కిలీలో తత్వశాస్త్రం చెప్పే ప్రొఫెసర్ ఆయన, కామన్‌మార్క్ రూపకర్తల్లోనూ ఒకరు. ఆ పాత రీడర్ చుక్కల తర్వాత ఏముందో అంత పట్టించుకోదు, కురుసుర వాక్యాన్ని సరిగ్గానే చదువుతుంది. పుస్తకం రేపు ప్రెస్సుకు పోవాలంటే నేను చెప్పేది ఇదే: రీడర్ పేరు మార్చి నడపండి, ఈ పూటకు గట్టెక్కుతారు.

శాశ్వతంగా దాని మీదే ఉండిపోదామా అంటే, అది పార్సెక్ అనే హాస్కెల్ లైబ్రరీ పద్ధతిలో రాసింది. చిన్న చిన్న పార్సర్లను కలిపి పెద్దది కట్టడం. చదవడానికి ముచ్చటగా ఉంటుంది. ‘ఇది లింకేమో చూడు, కాకపోతే వెనక్కి వచ్చి మామూలు రాతగా చదువు’ అని రాసుకోవచ్చు. ఆ వెనక్కి రావడంలోనే చిక్కు ఉంది. ఒకదానిలో ఒకటి ఉన్న బ్రాకెట్లు వచ్చినప్పుడు జాగ్రత్తపడకపోతే, ప్రతి బ్రాకెట్ దగ్గరా లోపలిదంతా రెండుసార్లు చదవాల్సి వస్తుంది. బ్రాకెట్‌కు పని రెట్టింపు అనుకుంటే, 20 బ్రాకెట్లకు పది లక్షలు దాటుతుంది. చదివినదాన్ని గుర్తుపెట్టుకునే ప్యాక్‌రాట్ పద్ధతిని 2002లో బ్రయన్ ఫోర్డ్ చూపించారు. దాంతో ఆ గొడవ పోతుంది గానీ, మెమరీ బాగా తింటుంది.

కామన్‌మార్క్ దారి వేరు. ముందు పేరాలు, జాబితాలు, కోడ్ బ్లాకులు విడదీస్తుంది. తర్వాత ఒక్కో పేరాలోకి వెళ్లి, కనిపించిన చుక్కల్ని ఒక స్టాక్‌లో (ఒకదాని మీద ఒకటి పేర్చే దొంతరలో) పెట్టుకుంటూ ముందుకే పోతుంది. మూసే చుక్కలు దొరికితే స్టాక్‌లో వెనక్కి చూసి జత కలుపుతుంది, అంతేగాని వాక్యాన్ని మళ్లీ చదవదు. నాకు ఇదే నచ్చింది. వేగం ఒక్కటే కారణం కాదు. ఈ చుక్క తెరవగలదా, మూయగలదా అనే నిర్ణయం ఇందులో ఒకే చోట, కొద్ది లైన్లలో ఉంటుంది. మన భాషకు కావలసిన మార్పు అక్కడ చేస్తే చాలు.

కాకపోతే ఆ రూలును మొత్తం పీకేయకూడదు. *(*కురుసుర*)* లాంటి రాతలో లోపలి ఇటాలిక్, బయటి ఇటాలిక్ కలిసిపోకుండా కాపాడుతున్నది అదే. అది లేకపోతే రెండో చుక్కే మొదటి చుక్కను మూసేసి, ఒంటరి బ్రాకెట్‌ను ఇటాలిక్ చేస్తుంది. అందుకని మా దగ్గరున్న ఆ పార్సర్ కోడు కాపీలో విరామ చిహ్నాలను విడదీశాం. ముందున్నది మూసే బ్రాకెట్ గానీ మూసే వంపు కోటు (”) గానీ అయితే, తర్వాత అక్షరం ఉన్నా సరే, చుక్కలు ముగించవచ్చు. తెరిచే బ్రాకెట్ అయితే పాత రూలే. ఏది తెరిచేదో ఏది మూసేదో యూనికోడ్ ముందే వర్గాలుగా విభజించి పెట్టింది, మనం కొత్తగా పట్టిక రాసుకోనక్కర్లేదు. 37 చోట్లా బోల్డు వచ్చింది, పై ఉదాహరణ చెడలేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు జాట్ కూడా చూడమంటాను. మెక్‌ఫార్లేనే 2022లో తెచ్చిన మార్కప్ అది. వెనక్కి రాకుండా చదవగలగాలని మొదటే అనుకుని కట్టారు. మూసే గుర్తుకు ముందు ఖాళీ లేకపోతే చాలు, తర్వాత ‘ని’ ఉన్నా ‘లో’ ఉన్నా పట్టించుకోదు. తెలుగుకు సరిగ్గా కుదిరే రూలు. పాండాక్ ఇప్పుడు జాట్‌ను చదువుతుంది, రాస్తుంది. మేం ఎందుకు మారలేదంటే, మా దగ్గర ఏళ్లుగా పోగుపడిన మార్క్‌డౌన్ ఫైళ్లున్నాయి. జాట్‌లో బోల్డుకు ఒకే చుక్క. అన్నీ మార్చి మళ్లీ ప్రూఫులు చూడమని మాస్టారిని అడగలేను.

కురుసుర వాక్యం ఇప్పుడు మా టెస్టు ఫైల్లో మొదటి లైను. రెండో లైను **"డాల్ఫిన్స్ నోస్"**కి అని మొదలవుతుంది. నిలువు కోటు తెరిచేదో మూసేదో దాన్ని చూస్తే తెలియదు కాబట్టి, ఆ లైను ఇంకా తప్పుతూనే ఉంది. అది కుదిరేదాకా వంపు కోట్లే వాడమని రచయితల సూచనల ఫైల్లో రాశాం.