పాలు అరగని పిల్లాడికి ప్లేస్కూల్లో ఏది మేలు: ఇంటి డబ్బానా, అక్కడి తిండిలోనే మార్పా?

ముందుగా తేలాల్సింది ఇది లాక్టోజ్ (పాలల్లోని చక్కెర) అరగకపోవడమా, పాల ఎలర్జీనా అన్నది. పాలు తాగిన అరగంట నుంచి రెండు గంటల్లో కడుపు ఉబ్బి, పుల్లటి వాసనతో నీళ్ల విరేచనమైతే లాక్టోజ్‌ని అనుమానించాలి. దద్దుర్లు, మూతి వాపు, పిల్లికూతలు ఉంటే ఎలర్జీ కావచ్చు. దానికి ఈ పోలిక పనికిరాదు. డాక్టర్ చెప్పేదాకా పెరుగు చుక్క కూడా పెట్టకూడదు.

లాక్టోజ్‌ విషయంలో లెక్కంతా మోతాదుదే. 100 మి.లీ. పాలల్లో అది సుమారు 5 గ్రాములు. ఆవువైనా, గేదెవైనా, ‘ఏ2’ పేరుతో అమ్మే పాలైనా దాదాపు అంతే. మరిగిస్తే పోదు. సగం నీళ్లు కలిపి ఇస్తే సరిపోతుందని ఆయాలు అనుకుంటారు గానీ, గ్లాసులో పాలు ఎన్ని ఉంటే లాక్టోజ్ అంత ఉన్నట్టే.

ఇంటి డబ్బా పంపితే ఏం తిన్నాడో మనకు తెలుస్తుంది. విరేచనాలు పట్టుకుని తగ్గాక కొన్నాళ్లు పాలు పడకపోవడం మామూలే; ఆ రెండు మూడు వారాలూ డబ్బానే మేలు. రాగి ఇడ్లీ, పెసరట్టు ముక్కలు, అటుకుల ఉప్మా చాలు. చిక్కల్లా కాల్షియంతోనే. ఏడాది నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు 500 మి.గ్రా. కావాలి. 30 గ్రాముల రాగిపిండిలో వచ్చేది 100 మి.గ్రా. పైచిలుకు, అదీ పాలల్లోదంత బాగా ఒంటబట్టదు. పైగా పక్కవాడి మిల్క్ బిస్కెట్ ఎలాగూ నోట్లోకి వెళ్తుంది. ఒకటీ అరా అయితే కంగారు పడక్కర్లేదు, అందులో లాక్టోజ్ కొంచెమే.

నెలల తరబడి సాగేదైతే స్కూలు తిండిలోనే మార్పు మేలు. పాల బదులు బాగా తోడుకున్న పెరుగు, మజ్జిగ, పనీర్. పెరుగులోని బ్యాక్టీరియా లాక్టోజ్‌ను కొంత తినేస్తుంది, నెయ్యిలో దాదాపు ఉండదు. అందరూ తాగేవేళ వాడి చేతిలోనూ గ్లాసు ఉంటుంది, ఏడుపు తప్పుతుంది. అయితే ఇదంతా నోటిమాటగా చెబితే నాలుగో రోజుకే మరిచిపోతారు. చీటీ రాసి వంటగది గోడకు అంటించమనండి: ‘పాలు, పాలపొడి, పాయసం, ఐస్‌క్రీమ్ వద్దు. పెరుగు, మజ్జిగ, నెయ్యి పెట్టొచ్చు. పొరపాటున తాగితే ప్రాణభయం లేదు. విరేచనమైతే ఓఆర్‌ఎస్ పట్టి ఫోన్ చేయండి.’ ‘ఎలర్జీ’ అని మాత్రం రాయొద్దు. భయపడి పెరుగు కూడా మానేస్తారు.

పాలపొడి మాట ఎందుకంటే, నీళ్లలో కలిపే మాల్ట్ పొడుల్లో చాలావాటిలో అది ఉంటుంది. తెలంగాణ అంగన్‌వాడీల్లో ఇచ్చే బాలామృతంలోనూ ఉంది.

లాక్టోజ్ లేని ప్యాకెట్ పాలు మూడో దారి. కాల్షియం తగ్గదు, రుచి కాస్త తియ్యగా ఉంటుంది. ఖరీదు ఎక్కువ. ప్యాకెట్ తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టాలి, కాబట్టి ఆ సౌకర్యం లేని బళ్లో దండగ. ఆయాలు తరచూ మారే చోట కూడా డబ్బాకే నా ఓటు.

మళ్లీ పాలు మొదలుపెట్టేది శనివారం మధ్యాహ్నం, అన్నం తిన్నాక, 50 మి.లీ.తో. ఆదివారం దాకా కడుపు నిమ్మళంగా ఉంటే మరుసటి వారం 100. బడి ఉన్న రోజున ప్రయత్నిస్తే ఏం జరిగిందో మీకు తెలియదు.