స్కోలియోసిస్ నొప్పికి టెన్స్ మెషిన్: కొనొచ్చా?

స్కోలియోసిస్‌తో, అంటే వెన్ను పక్కకు వంగి, ఏళ్ల తరబడి నడుం నొప్పితో నెట్టుకొస్తున్నవాళ్లు మాత్రలు కాకుండా ఇంకేం ఉందని వెతికితే ముందుగా కనిపించేది టెన్స్ మెషిన్, చర్మం మీదనుంచి నరాలకు సన్నటి కరెంటు పంపే పరికరం. అరచేతిలో పట్టే డబ్బా, రెండు జతల వైర్లు, జిగురు ప్యాడ్లు, అంతే. కొనదగ్గ వస్తువే, కానీ పెట్టె మీద రాసినవన్నీ నమ్మి కొనకూడదు. వంపును ఇది ఒక్క డిగ్రీ కూడా తగ్గించదు. పెట్టుకున్నంతసేపూ, ఆ తర్వాత కాసేపూ కొందరికి నొప్పి తగ్గినట్టు ఉంటుంది. కరెంటు వల్ల చర్మం మీద కలిగే చిమచిమ వెన్నుపాము దగ్గరే నొప్పి సంకేతానికి అడ్డుపడుతుందన్నది దీని వెనకున్న లెక్క. నొప్పి మీద పరిశోధించిన మెల్జాక్, వాల్ 1965లో ప్రతిపాదించిన గేట్ సిద్ధాంతం అదే.

మెషిన్ కంటే ముందు తేల్చుకోవాల్సింది నొప్పి ఏ రకమో. వంపు బయటికి పొంగిన వైపు కండరాలు రోజంతా బిగుసుకుని పనిచేస్తాయి, అందుకే సాయంత్రానికి అక్కడ బరువుగా, సలుపుగా ఉంటుంది. లోపలికి కుంచించుకున్న వైపు నరం బయటికొచ్చే సందు ఇరుకవుతుంది. తొడలోకో పిక్కలోకో జివ్వున లాగడం, తిమ్మిరి, మంట చాలాసార్లు అక్కడినుంచే మొదలవుతాయి. మొదటి రకానికి టెన్స్ కొందరికి పనికొస్తుంది. రెండోదానికి ఇంకా తక్కువే. నిలబడితే పెరిగి, కూర్చుని ముందుకు వంగితే తగ్గే కాలి నొప్పికి దీనిమీద పెద్ద ఆశలు పెట్టుకోవద్దు.

కొనేటప్పుడు రెండు చానెళ్లు (విడివిడిగా కరెంటు పంపే దారులు, ఒక్కోదానికి రెండు ప్యాడ్లు), నాలుగు ప్యాడ్లు ఉన్నదే తీసుకోవాలి. వంపు రెండు వైపులా రెండు రకాలుగా నొప్పి పెడుతుంది కాబట్టి ఒక్కో చానెల్‌ను విడిగా పెంచుకునే వీలుండాలి. ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఎన్నిసార్లు కరెంటు తాకుతుందో), పల్స్ విడ్త్ (ఒక్కో తాకిడి ఎంతసేపో) అంకెల్లో చూపించని మోడల్స్ వద్దు. ‘ప్రోగ్రామ్ 1, ప్రోగ్రామ్ 2’ అని మాత్రమే కనిపిస్తే లోపల ఏం నడుస్తోందో తెలియదు.

మొదటిసారి 80 నుంచి 100 హెర్ట్జ్, 200 మైక్రోసెకన్ల దగ్గర పెట్టి చూడాలి. ఒక చానెల్ ప్యాడ్లు రెండూ పొంగిన వైపు కండరం మీద, వెన్నెముక ఎముకలకు పక్కగా, ఒకటి పైన ఒకటి కింద. వాటి మధ్య కనీసం రెండు మూడు సెంటీమీటర్ల ఎడం ఉండాలి. కాల్లోకి లాగుతుంటే రెండో చానెల్ ప్యాడ్లలో ఒకటి నడుం దగ్గర, ఇంకోటి పిరుదు మీద. కరెంటును చిమచిమ గట్టిగా తెలిసి, కండరం మాత్రం అదరని చోటిదాకా పెంచాలి. ఐదు పది నిమిషాలకు ఒళ్లు దానికి అలవాటుపడి ఏమీ తెలియనట్టు అవుతుంది, అప్పుడు ఇంకొక మెట్టు. అరగంట చాలు.

ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ప్యాడ్లవే. ఒంటికి నూనో లోషనో ఉంటే ప్యాడ్ అంచులు లేస్తాయి. అంటుకున్న కొంచెం చోటులోనే కరెంటంతా దూరి సూదులతో గుచ్చినట్టుంటుంది. సబ్బుతో కడిగి, తుడిచి, పూర్తిగా ఆరాక అంటించాలి. జిగురు ఎండిపోతే ఒక చుక్క నీళ్లు రాసి కొన్నాళ్లు లాగించొచ్చు, ఆ తర్వాత కొత్తవే. ప్యాడ్ పీకే ముందు మెషిన్ ఆపకపోతే షాక్ కొట్టినట్టవుతుంది.

ఇంకో తప్పు, టెన్స్‌తో పాటు ఈఎంఎస్ కూడా ఉన్న మెషిన్లలో జరిగేది. ఈఎంఎస్ కండరాన్ని బలవంతంగా బిగిస్తుంది. అసలే బిగుసుకున్న వైపు అది పెడితే మర్నాడు నొప్పి పెరగొచ్చు.

ఏ చికిత్స ఇవ్వాలో సూచించే బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2016 మార్గదర్శకాల్లో నడుం నొప్పికి టెన్స్ ఇవ్వవద్దనే చెప్పింది, అది దాచాల్సిన విషయం కాదు. అయినా కొనొచ్చనడానికి కారణం ఒక్కటే: నొప్పి అణిగిన ఆ అరగంటలో వ్యాయామం చేయగలగడం. చాప మీద, పొంగిన వైపు కిందికి వచ్చేలా పక్కకు పడుకుని, వంపు శిఖరం కింద చుట్టిన టవల్ పెట్టి, పైకొచ్చిన కుంచించుకున్న వైపు పక్కటెముకలు విచ్చుకునేలా నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం ఒకటి. రెండు నిమిషాలతో మొదలుపెట్టాలి, కాల్లో తిమ్మిరి పెరిగితే వెంటనే లేవాలి. ఎస్ ఆకారంలో రెండు వంపులున్నవాళ్లు టవల్ ఎక్కడ పెట్టాలో ఎక్స్‌రే చూసిన ఫిజియోథెరపిస్ట్‌తోనే తేల్చుకోవాలి. ఒక వంపును సరిచేయబోయి ఇంకోదాన్ని పెంచే ప్రమాదముంది. స్కోలియోసిస్‌కు ప్రత్యేకమైన వ్యాయామాలుండే, కాథరీనా ష్రోత్ పేరుమీదున్న పద్ధతిలో శిక్షణ పొందినవాళ్లు దొరికితే మెషిన్ కంటే ముందు డబ్బు అక్కడ పెట్టడం మేలు.

టెన్స్ పక్కన పెట్టుకోదగ్గది హీటింగ్ ప్యాడ్, 15–20 నిమిషాలు, బట్ట మీదనుంచి. దానిమీదే నిద్రపోతే ఒళ్లు కాలుతుంది, రోజూ గంటలకొద్దీ పెడితే చర్మం మీద వల లాంటి గోధుమ మచ్చలు వస్తాయి. మిరపఘాటు ఉండే క్యాప్సైసిన్ క్రీమ్ నరాల మంటకు కొందరికి పనికొస్తుంది, కానీ కొన్ని వారాలు క్రమం తప్పకుండా రాయాలి. రాసిన చోట టెన్స్ ప్యాడూ వద్దు, వేడీ వద్దు. భుజాలు వెనక్కి లాగే పోశ్చర్ బెల్టులు మాత్రం డబ్బు దండగ. స్కోలియోసిస్‌లో వెన్నుపూసలు మెలి కూడా తిరుగుతాయి, భుజాన్ని లాగితే మెలి విప్పుకోదు. ఎదిగే పిల్లలకు డాక్టర్లు కొలతలు తీసి చేయించే గట్టి బ్రేస్ వేరే సంగతి.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, మూర్ఛ ఉన్నవాళ్లు డాక్టర్ ఒప్పుకోనిదే టెన్స్ వాడకూడదు. వెన్నులో రాడ్లు వేయించుకున్నవాళ్లు ముందు సర్జన్‌ను అడగాలి. స్పర్శ తెలియని చర్మం మీద, మెడ ముందు భాగంలో ప్యాడ్ అంటించనే కూడదు. పాదం పైకి లేవకపోయినా, మూత్రం మీద అదుపు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా మెషిన్ పక్కన పడేసి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.